రొయ్యల ఎగుమతి సంస్థలో మేనేజర్లను విదేశీ వ్యాపారానికి తయారు చేయడం ఎలా

భీమవరం, కాకినాడ, విశాఖపట్నం ప్రాంతాల్లోని రొయ్యల ఎగుమతి సంస్థల్లో విదేశీ కొనుగోలుదారులతో మాట్లాడే పని తరచుగా ఇంగ్లీషు బాగా వచ్చిన ఉద్యోగికి దక్కుతుంది. ఇంగ్లీషు అవసరమే గాని, సరుకు తెలియని మనిషి ఎంత చక్కగా మాట్లాడినా బేరంలో మొదటి లోతైన ప్రశ్నకే తడబడతాడు. కాబట్టి శిక్షణలో తొలి నెల ప్రాసెసింగ్ ప్లాంటులోనే గడవాలి.

అక్కడ మొదట నేర్పవలసింది కౌంటు. మన చెరువు గట్టు మీద కౌంటు అంటే తలతో సహా కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. అమెరికా కొనుగోలుదారు 31/40 అని రాస్తే పౌండుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 31 నుంచి 40 అని అర్థం. అది కూడా సాధారణంగా తల తీసిన సరుకుకు. ఏ కౌంటు పంట పట్టుబడి చేస్తే ఏ సైజు సరుకు చేతికొస్తుందో, తల, పొట్టు తీశాక ఎంత తరుగు పోతుందో శిక్షణలో ఉన్న వ్యక్తి తానే తూచి రాసుకోవాలి. గ్లేజింగ్, అంటే రొయ్య మీద వేసే మంచు పొర, ధరలో కలిసిందా లేదా అన్నది మొదటి మెయిల్‌లోనే తేల్చుకునే అలవాటు కూడా ఇక్కడే పడాలి.

రెండో దశ కాగితాలు. నా అనుభవంలో ఇదే అందరూ తొందరగా దాటేసే దశ. లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ), అంటే సరైన పత్రాలు అందితే డబ్బు చెల్లిస్తామని కొనుగోలుదారు తరఫు బ్యాంకు ఇచ్చే హామీ, మీద జరిగే వ్యాపారంలో బ్యాంకు చూసేది పత్రాలనే, సరుకును కాదు. 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 అనే అంతర్జాతీయ ఎల్‌సీ నియమాల ప్రకారం వాటి పరిశీలనకు బ్యాంకుకు గరిష్ఠంగా 5 పనిదినాలు ఉంటాయి. ఎల్‌సీలో వేరే గడువు చెప్పకపోతే ఓడకెక్కించిన 21 రోజుల్లోగా, అదీ ఎల్‌సీ కాలపరిమితి దాటకుండా, పత్రాలు అందించాలి. పాత ఎల్‌సీ ఒకటి తీసుకుని, పేర్లు చెరిపి, ఇన్‌వాయిస్‌లోనూ ఓడ సంస్థ ఇచ్చే సరుకు రసీదైన బిల్ ఆఫ్ లేడింగ్‌లోనూ కావాలని అయిదారు తప్పులు పెట్టి ఇవ్వండి. అన్నీ పట్టుకునే దాకా మళ్లీ మళ్లీ చేయించండి. సీఐఎఫ్ ధరలో ఓడ కిరాయి, బీమా మనమే కట్టినా, సరుకు మన రేవులో ఓడ మీదికి చేరగానే నష్టభయం కొనుగోలుదారుకు మారుతుందన్న సంగతి కూడా ఇలాంటి కాగితాల మీదే బోధపడుతుంది.

ఇక మాట తీరు. మన దగ్గర ఎదుటివారి మనసు నొప్పించకూడదని "అయిపోతుందండి" అంటాం. అమెరికా కొనుగోలుదారు దాన్ని ఖాయమైన తేదీగా రాసుకుంటాడు. జపాన్ కొనుగోలుదారు "పరిశీలిస్తాం" అన్నప్పుడు అది చాలాసార్లు మన "చూద్దాం లెండి" లాంటిదే; వెంటనే ధర తగ్గించి మెయిల్ పంపడం తొందరపాటు. "మీ విభాగాల్లో చర్చకు ఇంకా ఏ వివరాలు కావాలి?" అని ఆ కొనుగోలుదారును అడగడం మేలు. అన్నిటికంటే కష్టమైన అభ్యాసం చెడు వార్తను ముందుగా చెప్పడం. ఐరోపా రేవులో తీసిన నమూనాలో నైట్రోఫ్యూరాన్ అనే నిషేధిత యాంటీబయాటిక్ అవశేషం కనిపించిందని మెయిల్ వచ్చినట్టు ఊహించి, ఆ లాట్ ఏ చెరువుదో, అదే సరుకు ఇంకా ఏ కంటైనర్లలో వెళ్లిందో రికార్డుల నుంచి తీసి, అదే రోజు జవాబు రాయించండి. సీనియర్ ఒకరు కొనుగోలుదారు స్థానంలో కూర్చుని గట్టిగా ప్రశ్నించాలి. నింద ఇతరుల మీదికి నెట్టకుండా, తెలిసినది తెలిసినట్టుగా, తెలియనిది ఎప్పటిలోగా చెప్పగలరో రాసిన జవాబునే అంగీకరించండి.

వేళలు, తేదీల విషయంలో రెండు జాగ్రత్తలు చాలు. మనకు ఉదయం 9 గంటలైతే టోక్యోలో 12.30, న్యూయార్క్‌లో ఉదయం 9 అయ్యేసరికి మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. అమెరికాలో 03/04 అంటే మార్చి 4 కాబట్టి నెల పేరును అక్షరాల్లోనే రాయించాలి.

చివరిగా, ఒక చిన్న ఆర్డరును మొదటి మెయిల్ నుంచి డబ్బు బ్యాంకులో జమ అయ్యే వరకు అతనికో, ఆమెకో పూర్తిగా అప్పగించండి. ప్రతి మెయిల్ నకలు సీనియర్‌కు వెళ్లాలి గాని, జవాబు మాత్రం వారే రాయాలి.