జానపద పాట యూట్యూబ్‌లో పెడుతున్నారా? పాడిన మనిషి సంగతి ముందు తేల్చుకోండి

హన్మకొండ, పరకాల, హుజూరాబాద్, ఇట్లా ఎటు పోయినా ఒక పాట రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకునే పిల్లలు ఇప్పుడు నలుగురైదుగురు కనిపిస్తారు. గొంతు ఉంటుంది, రాసేవాడు ఉంటాడు, డప్పు కొట్టే దోస్తు ఉంటాడు. పాటను, పాడిన మనిషిని జనం ముందు ఎట్లా నిలబెట్టాలన్నదే తెలియదు. కొన్నేళ్లుగా ఇట్లాంటి పాటలకు షూటింగులు, పోస్టర్లు చూసుకుంటున్నాను కాబట్టి నాకు తెలిసిన పద్ధతి రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒకటి తేల్చుకోండి, ఈ పాట విన్నవాళ్లు ఎవరి మొహం గుర్తుపెట్టుకోవాలి? మన దగ్గర నడుస్తున్న పద్ధతి ఏందంటే పాడేది ఒకరు, వీడియోలో డాన్స్ చేసేది ఇంకొకరు, థంబ్‌నెయిల్ మీద డాన్సర్ల ఫొటో, దాని మీద పెద్ద అక్షరాల్లో ఛానల్ పేరు. సినిమా ప్లేబ్యాక్ నుంచి వచ్చిన అలవాటు ఇది. సినిమాకు కథ ఉంటుంది, హీరో హీరోయిన్లు ఉంటారు, అక్కడ నడుస్తుంది. మన పాటకు గొంతు తప్ప వేరే ఆస్తి లేదు, ఆ గొంతునే దాచిపెడితే రెండో పాటకు జనం ఎందుకు వస్తారు?

మూడేళ్ల కింద పరకాల పక్క ఊళ్లో ఒక అక్కతో నాట్ల పాట పాడించాం. పొద్దంతా నాటేసి వచ్చింది, గోళ్ల సందుల్లో బురద ఇంకా ఆరలేదు, హెడ్‌ఫోన్ పెట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి, అయినా రెండో టేక్‌కే పాట అయిపోయింది. వీడియో ఒక ఛానల్ వాళ్లకు ఇచ్చాం, పాట బాగా నడిచింది. ఒకరోజు పెళ్లి బరాత్‌లో అదే పాట మోగుతుంటే "ఇది నేనే పాడిన" అని చెప్పిందట, పక్కనున్నోళ్లు నవ్వారట. నాకు ఫోన్ చేసి, "తమ్మీ, నా పేరు ఏడ రాసిన్రో జర చూపియ్యరాదు" అన్నది. వెతికాను. డిస్క్రిప్షన్ కిందికి జరిపి, ఇంకా చూడండి అన్నదాని మీద నొక్కితే, డ్రోన్ తీసినాయన పేరు కింద ఉంది, అదీ తప్పుగా. ఛానల్‌కు పంపేముందు ఒక్కసారి చూసుకోవాల్సింది, నేను చూసుకోలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

కాబట్టి పాడినావిడ వీడియోలో కనిపించాలి. మొత్తం పాట డాన్స్ చేయనక్కరలేదు, గట్టు మీద కూర్చుని పాడుతున్న నాలుగు షాట్లు చాలు, అందులో ఒకటి పాట మొదట్లోనే రావాలి, షాట్ మీద పేరు పడాలి. "కెమెరా ముందు సిగ్గయితది" అంటే బలవంతం చేయకండి, రికార్డింగ్ రోజు మైకు ముందు పాడుతున్నప్పుడు ఫోన్‌తో తీసిపెట్టుకోండి, అది బాగా పనికొస్తుంది.

తర్వాత పేరు. తెర మీది పేరు ఒకటే ఉండాలి, అన్ని చోట్లా ఒకే స్పెల్లింగ్‌తో ఉండాలి. ఒక పాటలో ఇంటిపేరుతో, ఇంకో పాటలో ఊరి పేరుతో, మూడోదాంట్లో ఒట్టి పేరుతో రాస్తే వెతికేవాళ్లకు ముగ్గురు మనుషులు అయిపోతారు. ఊరి పేరు పెట్టుకోవడం నాకైతే ఇష్టం, మన దగ్గర గాయకుడు వరంగల్ శ్రీనివాస్‌ను జనం అట్లనే గుర్తుపెట్టుకున్నారు.

పేరు, వేషం కలిసి ఎట్లా పనిచేస్తాయో చూడాలంటే గద్దర్ కన్నా పెద్ద ఉదాహరణ నాకు దొరకలేదు. అసలు పేరు గుమ్మడి విఠల్ రావు, తెర పేరు స్వాతంత్ర్యం కోసం కొట్లాడిన గదర్ పార్టీ నుంచి వచ్చింది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ఆ గొంగడి గొల్లకుర్మల ఇళ్లలో నిజంగా కప్పుకునేదే, అందుకే నోరు తెరవకముందే ఆయన ఎవరి పక్కన నిలబడ్డాడో జనానికి అర్థమయ్యేది. బయటి పాప్ సంగీతంలోనూ ఇదే నడిచింది. 1962లో బీటిల్స్ మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ వాళ్లతో తోలు జాకెట్లు మాన్పించి నలుగురికీ ఒకే రకం సూట్లు కుట్టించాడు, పాట అయ్యాక నలుగురూ ఒకేసారి వంగి దండం పెట్టేటట్టు చేశాడు. అది వాళ్ల ఊరి జనానికి పనికొచ్చింది. మనం మన జనానికి ఏది చెప్తుందో అది వేసుకోవాలి. అద్దెకు తెచ్చిన లంగావోణీ కన్నా ఆమె పండుగకు కట్టుకునే చీరే మేలు, కెమెరాకు ఆ తేడా తెలుస్తుంది.

టీమ్‌గా పాడుతుంటే కొరియా వాళ్ల పద్ధతి చూడండి. 2013లో వచ్చిన బీటీఎస్‌లో ఏడుగురున్నారు, వాళ్ల గ్రూపుల్లో లీడర్ ఎవరు, మెయిన్ వోకల్ ఎవరు, ర్యాప్ ఎవరిది, అందరికన్నా చిన్నోడు ఎవరు అన్నది మొదటి రోజు నుంచే చెప్తారు. మనకు ఇది కొత్త కాదు. ఒగ్గుకథలో కథ చెప్పేవాళ్లు, వంత పాడేవాళ్లు, డోలు కొట్టేవాళ్లు ఎవరి జాగాలో వాళ్లు ఉంటారు. వీడియోలో కూడా పాట ఎత్తుకునే మనిషి ముందు, వంత రెండు పక్కలా, డోలు, తాళాలు కనిపించేటట్టు నిలబెట్టండి. అందరినీ ఒకే వరుసలో నిలబెడితే ఎవరూ గుర్తుండరు.

ఇక పాట సంగతి. పాప్ పాట మూడు నిమిషాలే ఎందుకంటారా, పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఒక పక్కన దాదాపు అంతే పట్టేది, రికార్డులు పోయినా కొలత ఉండిపోయింది. ఇప్పుడు పాటలు వినే యాప్ స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క, అందుకని అందరూ పల్లవిని ముందుకు జరుపుతున్నారు. మనకు అంతకన్నా మంచిది ఉంది, మకుటం. బతుకమ్మ పాటలో ప్రతి చరణం చివర "ఉయ్యాలో" వస్తుంది కదా, పాట ఎన్నడూ వినని ఆడపిల్ల కూడా రెండో చరణానికి అందుకుంటుంది. బయటివాళ్లు హుక్ అని లక్షలు పెట్టి రాయించుకునేది ఇదే. ఆ మకుటం మొదటి 15, 20 సెకన్లలో వినిపించాలి. దానికి ముందు ఛానల్ లోగో తిరగడం, చెరువు మీద డ్రోన్ ఎగరడం, హీరో బుల్లెట్ మీద రావడం అన్నీ తీసేయండి. కానీ పాటను మూడు నిమిషాలకు కోయమని నేను చెప్పను. బతుకమ్మ చుట్టూ తిరిగేవాళ్లకు, బరాత్ డీజేకు నిడివే కావాలి, ఐదారు నిమిషాలు ఉండనివ్వండి, రీల్ కోసం మకుటం ఉన్న 30 సెకన్లు విడిగా కట్ చేసుకోండి. గొంతుకు ఆటోట్యూన్ (శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్) ఎక్కువ పెట్టకండి, నాట్ల పాటలో ఆ జీర పోతే పాటే పోతుంది.

థంబ్‌నెయిల్ 1280 బై 720 పిక్సెల్స్‌లో చేయించండి. కుడి పక్క కింది మూల ఏమీ రాయొద్దు, పాట ఎన్ని నిమిషాలో చూపించే నల్ల పట్టీ అక్కడే పడి అక్షరాలను మింగేస్తుంది. ఒకే మొహం, నాలుగు మాటలకు మించకుండా రాత. అయ్యాక ఫోన్‌లో పెట్టి చెయ్యి చాపినంత దూరం నుంచి చూడండి, పాడినావిడ పేరు చదవగలిగితే సరే, లేకపోతే మళ్లీ చేయించండి.

షూటింగ్‌కు అందరూ వరంగల్ కోటకే పోతారు, అది కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, అనుమతి లేకుండా పెద్ద కెమెరాతో పోతే ఆపేస్తారు. పైగా ఆ తోరణాలు ఇప్పటికే ఎన్ని వీడియోల్లో వచ్చాయో! పాట ఎక్కడిదో అక్కడే తీయండి, నాట్ల పాట పొలంలో, కూలి పాట వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో. మిర్చి సీజన్‌లో ఆ ఎర్రటి రాశుల ముందు మొహం చాలా బాగా వస్తుంది కానీ ఘాటుకు దగ్గు ఆగదు, అందుకే ఆడియో ముందే రికార్డు చేసుకోండి, మార్కెట్ వాళ్లను అడిగి, పొద్దున్నే లారీలు రాకముందు తీసేయండి.

పేర్ల దగ్గర మాత్రం తొందరపడకండి. గానం, సాహిత్యం, సంగీతం, వాయిద్యాలు, నటన వేరువేరుగా రాయాలి. ఊళ్లో ముసలమ్మ దగ్గర విని తెచ్చిన పాటకు సాహిత్యం అని మీ పేరు రాసుకుంటే అది దొంగతనమే, సేకరణ అని రాసి ఆమె పేరు, ఊరు రాయండి, రాసేముందు ఆమెను అడగండి. కొత్తగా రాసిన పాటయితే రాసినోళ్ల పేరు పెద్దగా ఉండాలి. మన చల్లగరిగెలో పుట్టిన చంద్రబోస్‌కు 2023లో ఆస్కార్ వచ్చిందంటే, ఆ అవార్డు పాట కట్టినవాళ్లకూ రాసినవాళ్లకూ ఇచ్చేది కాబట్టే. డబ్బు విషయంలో 1957 కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ వచ్చింది, హక్కులు రాసిచ్చినా రచయితకు, సంగీత దర్శకుడికి రాయల్టీలో వాటా పోదు. ఛానల్ వాళ్లు కాగితం ఇస్తే చదవకుండా సంతకం పెట్టొద్దు, "అన్ని హక్కులు" అన్న మాట కనిపిస్తే తెలిసిన వకీలుకు చూపించండి. రచయితలు, సంగీత దర్శకులకు రాయల్టీ వసూలు చేసి ఇచ్చే ఐపీఆర్ఎస్ అనే సంస్థ 1969 నుంచి ఉంది, అందులో సభ్యత్వం తీసుకోండి.

బతుకమ్మ పాట పండుగ మొదలయ్యే ఎంగిలిపూల రోజు విడుదల చేస్తే ఆలస్యమైనట్టే. మూడు వారాల ముందే రావాలి, డీజే వాళ్లు పెన్‌డ్రైవ్‌లు నింపుకునేది, ఆడవాళ్లు నేర్చుకునేది అప్పుడే. మేడారం జాతర రెండేళ్లకోసారి కాబట్టి సమ్మక్క పాట నెల ముందు పెట్టినా పర్వాలేదు.

పబ్లిక్ చేసేముందు వీడియోను అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నోళ్లకే కనిపించేటట్టు పెట్టి, ఆ లింకు పాడినావిడకు పంపండి. తన పేరు తాను చదువుకోనివ్వండి, చదువు రాకపోతే ఇంట్లో పిల్లలతో చదివించుకొమ్మనండి. సరిగ్గా ఉందని ఆమె ఫోన్‌లో చెప్పాకే బటన్ నొక్కండి.