కరెంటు పోయిన రాత్రి దొరికింది

మా పాత పెట్రోలు అంబాసిడర్, 1489 సీసీ ఇంజిన్. కాజీపేట వంతెన ఎక్కేటప్పుడల్లా, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లోంచి టపాసులు పేల్చేది. పెళ్లి ఊరేగింపు వస్తోందనుకున్నానని పక్కింటాయన ఎగతాళి. తప్పు కార్బురేటర్‌దే అనుకుని రెండు ఆదివారాలు దాన్ని విప్పి కడిగాను. వృథా శ్రమ. డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును తెంపి కలిపే పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్లకు సరిచేశాను, సిలిండర్లలో మెరుపు పుట్టించే ప్లగ్గులు మార్చాను. అయినా అంతే.

ఒక రాత్రి హనుమకొండలో కరెంటు పోయింది. మా అబ్బాయిని యాక్సిలరేటర్ తొక్కమని బానెట్ ఎత్తి చూస్తే, ఒక్కో ప్లగ్గుకూ వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మీద నీలిరంగు మెరుపు! ఒకటి, మూడు నంబర్ల తీగలు దిగే చోట్ల మధ్య పెన్సిల్ గీతంత సన్నని పగులు. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, ప్లగ్గు దగ్గర దూకలేని మెరుపు ఈ పక్కదారి పడుతోంది. ఇంజిన్‌లో సిలిండర్లు మండే వరుస 1-3-4-2 కదా, ఒకటోదాని వంతులో మూడోది అంటుకుంటోంది. అక్కడ పెట్రోలు లోపలికి వచ్చే వాల్వు ఇంకా మూసుకోలేదు. మంట వెనక్కి తన్నక ఏం చేస్తుంది?

మూత, దాని లోపల తిరిగే రోటర్ రెండూ కొత్తవి వేశాను. పాలంపేట రామప్ప గుడికి వెళ్లి వచ్చాం, ఒక్క పేలుడు లేదు. పక్కింటాయనకు మాత్రం ఏదో వెలితిగా ఉందట.