అన్నం మానేసే ముందు: ‘పరిశోధనలో తేలింది’ అన్న మాట విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

సంక్రాంతి అరిసెల డబ్బా అడుగంటక ముందే మన ఇళ్ళలో కొత్త ఆహార నియమాలు మొదలవుతాయి. ఒకరు అన్నం పూర్తిగా మానేస్తారు, మరొకరు పొద్దుటి టిఫిను ఎత్తేసి మధ్యాహ్నం దాకా నీళ్ళ మీదే ఉంటారు, ఇంకొకరు జిమ్ములో ఏడాది ఫీజు ఒకేసారి కట్టి మొదటి రోజే మోయలేని బరువు ఎత్తుతారు. వీటన్నిటికీ ఆధారం ఎవరో పంపిన వీడియోలోని ‘పరిశోధనలో తేలింది’ అన్న మాట. ఆ మాట నిజమే కావచ్చు. అయితే ఎవరి మీద తేలింది, దేనితో పోల్చి చూస్తే తేలింది, ఎంత తేడా తేలింది అని అడగకుండా దాన్ని మన ఒంటి మీద అమలు చేయడం ప్రమాదం.

ముందుగా మందుల సంగతి చెప్పాలి, ఎందుకంటే మిగిలిన పొరపాట్లు బయటపడడానికి నెలలు పడుతుంది, ఇది గంటల్లో బయటపడుతుంది. కిందటి జనవరిలో మా మేనమామ ఒక వీడియో చూసి మర్నాటి నుంచే అన్నం, చపాతీ మానేశారు. పొద్దున వేసుకునే గ్లిమిపిరైడ్ అనే మధుమేహం మాత్రను మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నారు. మూడో రోజు పదకొండు గంటల వేళ అత్తయ్య వంటింట్లోంచి పిలిస్తే ఆయన పలకలేదు. వెళ్ళి చూస్తే చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది, చేతులు వణుకుతున్నాయి, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నారు. గ్లూకోమీటరులో 48 కనిపించింది. ఇంకా మింగగలిగే స్థితిలో ఉన్నారు కనుక చక్కెర నీళ్ళు తాగించి, పావుగంట తరువాత మళ్ళీ పరీక్షించి, అంకె పెరిగిందని చూసుకున్నాకే మేమందరం కూర్చోగలిగాం.

ఆ మాత్ర క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. తినే పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గితే అదే మోతాదు ఎక్కువైపోతుంది. ఇన్సులిన్ తీసుకునేవారికీ ఇదే ప్రమాదం. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉండే మాత్రలు వాడేవారికి మరో రకం ముప్పు ఉంది: పిండిపదార్థం బాగా తగ్గించినప్పుడు కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్ ఆమ్లాలు రక్తంలో పేరుకుపోవచ్చు, అప్పుడు చక్కెర అంకె పెద్దగా పెరగకపోవచ్చు కాబట్టి గ్లూకోమీటరును నమ్ముకుని కూర్చుంటే మోసపోతాం. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆహారంతో మధుమేహం వెనక్కి తగ్గుతుందనేవారు ఆధారంగా చూపే అధ్యయనాల్లో ఒకటి 2017లో బ్రిటన్‌లో వెలువడింది, దాని పేరు డైరెక్ట్. అందులో 306 మంది పాల్గొన్నారు. కొన్ని నెలల పాటు రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారం తీసుకున్న వర్గంలో ఏడాది తరువాత 46 శాతం మందికి చక్కెర, మందులు లేకుండానే, మధుమేహ స్థాయికి దిగువకు వచ్చింది. మామూలు వైద్యం పొందినవారిలో అలా జరిగింది 4 శాతం మందికే. ఇది గట్టి ఫలితమే. కానీ వారందరికీ మధుమేహం వచ్చి ఆరేళ్ళు దాటలేదు, వారెవరూ ఇన్సులిన్ తీసుకోవడం లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా, కొత్త ఆహారం మొదలైన రోజునే వైద్యులు వారి చక్కెర మాత్రలను, రక్తపోటు మాత్రలను ఆపించారు. వీడియోలో 46 శాతం ఉంటుంది, మాత్రలు ఆపించిన సంగతి ఉండదు. పదిహేనేళ్ళుగా ఇన్సులిన్ మీద ఉన్న మనిషి ఆ అంకెను తనదిగా భావించకూడదు. అందుచేత ఆహారం మార్చక ముందే మందుల చీటీ పట్టుకుని వైద్యుణ్ణి కలవడం తప్పనిసరి.

ఇక, ఒక ఆహారం తినేవారు ఆరోగ్యంగా ఉన్నారంటే ఆ ఆహారమే వారిని ఆరోగ్యంగా ఉంచిందని అనుకోకూడదు. ఈ పొరపాటు ఎంత దూరం వెళుతుందో బీటా కెరోటిన్ కథ చెబుతుంది. క్యారెట్లు, ఆకుకూరలు ఎక్కువగా తినేవారిలో క్యాన్సర్ తక్కువగా ఉన్నట్టు అనేక పరిశీలనల్లో కనిపించింది. వాటిలో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశించి, ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులను యాదృచ్ఛికంగా వర్గాలుగా విడగొట్టి పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది: ఆ మాత్ర మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. అమెరికాలో జరుగుతున్న మరో పరీక్షలోనూ హాని కనిపించడంతో 1996లో దాన్ని గడువుకు ముందే ఆపేశారు. ఆకుకూరలు తినేవారు తక్కువ పొగ తాగుతారు, ఎక్కువ నడుస్తారు, వైద్యుడి దగ్గరకు వేళకు వెళతారు. ఈ అలవాట్లన్నిటి ఫలాన్ని ఒక్క పదార్థానికి కట్టబెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. కాబట్టి ‘ఫలానాది తినేవారిలో తక్కువ’ అన్న వార్త కనబడితే, మనుషులను చీటీలు తీసినట్టు రెండు వర్గాలు చేసి పోల్చారా, లేక ఎవరి అలవాటున వారు తింటుంటే లెక్క మాత్రమే వేశారా అని చూడండి. నిత్యం మాత్రగానో పొడిగానో మింగవలసినదైతే మొదటి రకం ఆధారం లేనిదే దాని జోలికి పోకపోవడం మంచిదని నా అభిప్రాయం.

శాతాల దగ్గర ఇంకా నిదానం కావాలి. స్పెయిన్‌లో ఆలివ్ నూనె, బాదం, అక్రోటు వంటి గింజలతో జరిగిన పెద్ద పరీక్ష గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు 30 శాతం తగ్గాయని చెప్పింది. దాదాపు అయిదేళ్ళలో ఈ ఆపదలు వచ్చినవారు పోలిక వర్గంలో 4.4 శాతం, నూనె వర్గంలో 3.8, గింజల వర్గంలో 3.4, అంటే నూరుమందిలో తేడా ఒక్కరి దగ్గరే ఉంది. పైగా కొన్నిచోట్ల వర్గాల విభజన సరిగా జరగలేదని తేలడంతో 2013 నాటి ఆ పత్రాన్ని ఉపసంహరించి 2018లో సవరించి ప్రచురించారు. దీనికి పక్కనే చెన్నై పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనాన్ని పెట్టి చూడండి. మధుమేహానికి దగ్గరలో ఉన్న 531 మంది భారతీయుల్లో మామూలు సలహాతో సరిపెట్టిన వర్గంలో మూడేళ్ళలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది; రోజూ అరగంట నడిచి, చక్కెర, పాలిష్ పట్టిన ధాన్యం, కొవ్వు తగ్గించినవారిలో 39.3 శాతం మందికే వచ్చింది. ఇక్కడా 55తో పోల్చి చూస్తే తగ్గుదల 28.5 శాతమే, చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. కానీ ఇక్కడ ఆరేడుగురు ఆ పద్ధతి పాటిస్తే ఒకరు మధుమేహాన్ని తప్పించుకున్నారు. ఆలివ్ నూనె సీసాకు వేల రూపాయలు పెట్టే మన ఇళ్ళలో ఈ అధ్యయనం పేరు కూడా వినబడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మనుషులు తక్కువ, కొలతలు ఎక్కువ ఉన్న అధ్యయనాన్ని పక్కన పెట్టేయవచ్చు. 2015లో జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు దీన్ని నిరూపించడానికే 15 మంది మీద మూడు వారాలు పరీక్ష చేసి, 18 విషయాలు కొలిచి, చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతుందని ఒక పత్రికలో వేయించగా అనేక దేశాల వార్తాసంస్థలు నమ్మి ప్రచురించాయి. అన్ని కొలతలు తీసుకుంటే, ఏ ప్రభావమూ లేకపోయినా ఏదో ఒకదానిలో యాదృచ్ఛికంగా తేడా కనిపించే అవకాశం 60 శాతం.

సగటు అంకె కూడా మన అంకె కాదు. స్టాన్‌ఫర్డ్‌లో 609 మంది మీద ఏడాది పాటు జరిగి 2018లో వెలువడిన పరీక్షలో కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు; ఆ తేడా లెక్కలోకి రానిది. కానీ రెండు వర్గాల్లోనూ 30 కిలోల దాకా తగ్గినవారు ఉన్నారు, 10 కిలోల దాకా పెరిగినవారూ ఉన్నారు. తెలిసినవాళ్ళకు పనిచేసిందన్నది మనకు పనిచేస్తుందనడానికి ఎందుకు చాలదో ఈ ఒక్క వివరం చెబుతుంది.

వ్యాయామం విషయంలో రోజుకు 10,000 అడుగులన్న అంకె ఏ పరీక్షలోనూ పుట్టలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల లెక్క పరికరం పేరులోంచి వచ్చింది. అది చేరలేక నడకే మానేసేవారున్నారు. సగటున 72 ఏళ్ళ వయసున్న అమెరికా మహిళలను గమనించిన 2019 నాటి అధ్యయనంలో 4,400 అడుగుల దగ్గరే మరణాల తగ్గుదల కనిపించింది, అయితే జబ్బుపడినవారు ఎటూ తక్కువే నడుస్తారన్నది ఇక్కడా గుర్తుంచుకోవాలి. తీవ్రమైన వ్యాయామ పరీక్షల్లో గుండెజబ్బు ఉన్నవారిని సాధారణంగా ముందే ఏరివేస్తారు. అందువల్ల ఏళ్ళ తరబడి కూర్చుని పనిచేసిన నలభై దాటినవారు ఆ ఫలితాలను నేరుగా తమకు అన్వయించుకోకూడదు. ఛాతీలో బిగువు వస్తే ఆపేయాలి. మొదటి రోజుల బరువుల తరువాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే కండరం దెబ్బతిన్నట్టు భావించి అదే రోజు వైద్యుడికి చూపించాలి.

ఇంత చూసుకున్నాక మొదలుపెడితే, ఫలితాన్ని కొలవడంలోనూ తొందర వద్దు. మొదటి వారంలో తగ్గే రెండు కిలోల్లో ఎక్కువ భాగం నీరు, ఎందుకంటే కాలేయంలో, కండరాల్లో నిలవ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చవుతూ దానితో ఉన్న నీటిని కూడా తీసుకుపోతుంది. ఒకే యంత్రం మీద, ఒకే వేళ, వారానికి రెండుసార్లు తూచి రాసుకోవాలి. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను మూడు నెలలు నిండాకే చేయించుకోవాలి. రక్తహీనత ఉన్నవారిలో ఆ అంకె తప్పుదారి పట్టించవచ్చు కనుక హిమోగ్లోబిన్ కూడా చూడమని అడగాలి.

మా మామయ్య ఈసారి ముందు వైద్యుడి దగ్గరకు వెళ్ళారు. వైద్యుడు మాత్ర మోతాదు సగానికి తగ్గించాక మామయ్య కంచంలో మూడు గరిటెల అన్నం ఒకటయ్యింది, పప్పు, ఆకుకూర పెరిగాయి, రాత్రి భోజనం అయ్యాక వీధి చివరి గుడి దాకా నడక మొదలైంది. ఫ్రిజ్ తలుపుకు అత్తయ్య అంటించిన కాగితం మీద తేదీ, వేళ, చక్కెర అంకె వరుసగా ఉన్నాయి, రెండో పరీక్ష తేదీ ఏప్రిల్ గడిలో ఎర్ర సిరాతో రాసి ఉంది.