డాష్‌క్యామ్ స్టాండు మన చేత్తోనే – 4వ పాఠం: ముందు పడిపోయిన వాటి సంగతి

ఇవాళ కెమెరా వైరు దాచడం చెప్పాలి. చెప్పను. పోయిన పాఠం చూసి, డాష్‌క్యామ్‌ను (దారిని వీడియో తీసే కెమెరాను) కారు ముందు అద్దానికి పట్టి ఉంచే స్టాండు చేసుకున్నవాళ్లలో చాలామందికి అది రెండో రోజుకో మూడో రోజుకో ఊడి డాష్‌బోర్డు మీద పడిందట. ఒకరికైతే మలుపు తిప్పుతుండగా కాళ్ల దగ్గరికి దొర్లింది. బ్రేకు కింద ఇరుక్కోలేదు, అంతవరకు నయం. నిలవని స్టాండుకు వైరు కట్టడం నేర్పి ఏం లాభం?

తప్పులో సగం నాది. ‘అద్దం తుడిచి అంటించండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అద్దాలు తుడిచే స్ప్రేలు వాడకండి. వాటిలో చాలావరకు కంటికి కనిపించని పొర ఒకటి వదిలిపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, ఉతికిన నూలు గుడ్డతో రెండుసార్లు తుడవండి. రెండోసారికి గుడ్డ మడత మార్చండి. ఆరాక వేలితో తడిమి చూడొద్దు. వేలి జిడ్డు చాలు, పనంతా పాడవడానికి.

మిగతా సగం మీ తొందర. మనం వాడేది అక్రిలిక్ ఫోమ్ టేపు, అంటే రెండువైపులా జిగురుండే నురుగు టేపు. మామూలు గది వేడిలో అంటించిన 20 నిమిషాలకు దానికి వచ్చేది సగం బలమే. ఒక రోజుకు 90 శాతం వస్తుంది, పూర్తి బలం రావడానికి 72 గంటలు పడుతుంది. అద్దం చల్లగా ఉంటే ఇంకా ఆలస్యం. మీరేమో అరగంటకే కెమెరా తగిలించారు. గట్టిగా పట్టిందో లేదో అని మూల పట్టి లాగి చూసి, మళ్లీ నొక్కినవాళ్లు కూడా ఉన్నారు! ఒకసారి లేచిన టేపు పని అయిపోయినట్టే. కొత్త ముక్క కోసుకోండి.

అద్దం పై అంచున నల్ల చుక్కల పట్టీ ఉంటుంది కదా, దాని మీద కూడా అంటించొద్దు. అది కాల్చి పట్టించిన సెరామిక్ రంగు. చాలా కార్లలో లోపలి వైపు చేతికి తగులుతుంది. టేపు చుక్కల మీద ఆనుతుంది గానీ వాటి మధ్య గాలి మిగిలిపోతుంది. ఆ చుక్కల కిందికి దిగి, వెనక చూసుకునే అద్దం చాటున, డ్రైవరు చూపుకు అడ్డం లేని చోట అంటించండి. అక్కడే కారు సొంత కెమెరానో వాన సెన్సారో ఉంటే దాన్ని కప్పకండి.

కెమెరాను మోసే పట్టీని త్రీడీ ప్రింటరుతో చేసుకునేవాళ్లకు ఒక మాట. పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో మూసి ఉంచిన కారు డాష్‌బోర్డు అంతకంటే వేడెక్కగలదు. ఏబీఎస్ ప్లాస్టిక్ అయితే 100 దాటేదాకా ఆగుతుంది. నన్నడిగితే రెండూ వద్దు, అల్యూమినియం పట్టీయే మేలు. వంచితే వంగుతుంది, ఎండకు మెత్తబడదు. గ్లూ గన్ జిగురు ఊసే ఎత్తొద్దు.

వీడియో వణుకుతోందన్నవాళ్లు పట్టీ పొడవు తగ్గించండి. పొడవు సగం చేస్తే, అదే బరువుకు పట్టీ వంగడం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. మందం రెట్టింపు చేసినా అంతే. నాది 5 సెంటీమీటర్లు దాటదు.

ఇక నన్ను విసిగించిన సంగతి: బోల్టు. కెమెరా అడుగున ట్రైపాడ్ రంధ్రం (మూడుకాళ్ల స్టాండుకు బిగించే మర రంధ్రం) ఉన్నవాళ్లు ఇంట్లో దొరికిన ఎం6 బోల్టు, అంటే 6 మిల్లీమీటర్ల లావుది, బిగించేశారు. ‘రెండు చుట్లు తిరిగింది, తర్వాత కాస్త బిగువుగా ఉంది, గట్టిగా తిప్పాను’ అట. ఆ కాస్త బిగువే మీ కెమెరా మర చెడిపోతున్న గుర్తు. ట్రైపాడ్ రంధ్రం పావు అంగుళానిది. అంగుళానికి 20 మర చుట్లు, అంటే చుట్టుకు చుట్టుకు మధ్య 1.27 మిల్లీమీటర్లు. మామూలు ఎం6లో అది 1 మిల్లీమీటరే. లావు పావు అంగుళానిది 6.35, ఎం6ది 6 మిల్లీమీటర్లు. చూపుకు రెండూ ఒకటే. మొదటి చుట్టు సరిపోయినట్టే ఉంటుంది, రెండోదానికి తేడా పెరుగుతుంది, మూడోదానికి ఇనుము ప్లాస్టిక్‌ను కోసుకుంటూ పోతుంది.

స్కేలు పెట్టి పది చుట్లు కొలవండి. 10 మిల్లీమీటర్లు వస్తే ఎం6, 12.7 వస్తే మనది. స్కేలు లేకపోతే ఏదైనా ట్రైపాడ్ స్క్రూను దాని పక్కన ఆనించి వెలుతురుకు ఎత్తండి. చుట్లు ఒకదానిలో ఒకటి ఒదగకుండా వెలుతురు కనిపిస్తే ఆ బోల్టు పక్కన పడేయండి. సరైన బోల్టు దొరికినా పొడవు చూసుకోండి. రంధ్రం లోతు 5 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. పట్టీ, వాషరు మందం పోగా 4 మిల్లీమీటర్లు లోపలికి వెళ్తే చాలు. ఎక్కువుంటే అడుగు తగిలి కెమెరా ఒళ్లు పగులుతుంది. పొడవు ఎక్కువైతే ఇంకొన్ని వాషర్లు వేయడం నా అలవాటు, బోల్టు కోయడం కన్నా సులువు. అసలు రంధ్రమే లేని కెమెరాల సంగతి ఆరో పాఠంలో.

వచ్చే పాఠం దాకా వైరు దాచడానికని ఎవరూ అద్దం పక్క స్తంభం కవరు పీకకండి. చాలా కార్లలో దాని వెనక ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. వైరు దానికి అడ్డం పడకూడదు.

అభ్యాసం: స్టాండుకు పెట్టినంత టేపు ముక్కతో పనికిరాని గాజు పలకకు పట్టీ అంటించి, 72 గంటలు ఆగి, కెమెరాకు రెట్టింపు బరువు వేలాడదీయండి. మరో మూడు రోజులు, పగలు ఎండలోనే ఉంచండి. కారు అద్దం ఏటవాలుకు తగ్గట్టు పలక వంచి నిలబెట్టాలి. ఊడితే ఊడిందని మాత్రమే రాయకండి. టేపు గాజు నుంచి లేచిందా, పట్టీ నుంచి లేచిందా, నురుగే మధ్యకు చీలిందా చూసి రాయండి. మూడింటికి మూడు మందులు.