జబల్పూర్ నిస్సాన్‌ను మళ్లీ నడిపించడం: తొలిసారి సెల్ఫ్ నొక్కేముందు చేయవలసిన పనులు

చిత్తూరు నుంచి వేలూరు వెళ్లే దారికి కాస్త ఎడంగా, ఒక బెల్లం గానుగ వెనుక చింతచెట్టు కింద ఏళ్ల తరబడి నిలబడిపోయిన నిస్సాన్ వన్ టన్ లారీని కొన్నప్పుడు, దాన్ని వారం రోజుల్లో ఇంటికి నడుపుకుంటూ వస్తానని నేను పందెం కాశాను. ఆ పందెం ఓడిపోవడానికి కారణం లారీ కాదు, నా తొందర. కొత్త బ్యాటరీ తగిలించి, కార్బ్యురేటర్‌లో నాలుగు చుక్కల పెట్రోలు పోసి, సెల్ఫ్ నొక్కాను. ఇంజిన్ అరచుట్టు తిరిగి, టక్కుమని ఒక చప్పుడు చేసి ఆగిపోయింది. ఇంజిన్ పైనున్న టాపెట్ కవర్ విప్పి చూస్తే, వాల్వులను కదిలించే పుష్ రాడ్లలో రెండు విల్లులా వంగి ఉన్నాయి. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఇంజిన్ మోగడానికి ముందు చేయవలసిన పనుల గురించే ఉంటుంది. మోగిన తరువాతి పని దానితో పోలిస్తే తక్కువ.

ముందుగా మీ దగ్గరున్నది ఏ బండో నిర్ధారించుకోవాలి. సైన్యం వేలం వేసిన పాత లారీలలో మనకు సాధారణంగా ఎదురయ్యేవి రెండు. ఒకటి శక్తిమాన్, జర్మనీకి చెందిన మాన్ సంస్థ లైసెన్సుతో 1959 నుంచి జబల్పూర్‌లో తయారైన డీజిల్ లారీ. రెండవది నిస్సాన్ వన్ టన్; అది కూడా జబల్పూర్‌దే, కానీ పెట్రోలు బండి. దాని ఆరు సిలిండర్ల 3956 సీసీ ఇంజిన్, జోంగా జీపులో ఉన్న ఇంజిన్ ఒకే కుటుంబానికి చెందినవి కనుక విడిభాగాలు వెతికేటప్పుడు జోంగా పేరు చెప్పినా పని జరుగుతుంది. ఇక్కడ రాస్తున్నది ఈ పెట్రోలు బండి గురించి. శక్తిమాన్ ఉన్నవారు ఇంధనం, స్పార్కుకు సంబంధించిన భాగాన్ని పక్కన పెట్టి మిగతాది అనుసరించవచ్చు.

డబ్బు చేతులు మారకముందే కాగితాలు చూడండి. సైనిక వాహనాలకు పైకి చూసే బాణం గుర్తుతో మొదలయ్యే సొంత నంబరు ఉంటుంది, అది పౌరుల చేతిలో చెల్లదు. మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ ప్రకారం రక్షణ అవసరాలకు వాడటం ఆపేసిన వాహనాన్ని కొత్తగా రిజిస్టరు చేయించాలి. అందుకు వేలం కాగితాలు, విడుదల పత్రం ఉండాలి, వాటిలోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద కొట్టిన అంకెలతో సరిపోవాలి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన తమకు అక్కరకొస్తుందని చాలామంది భ్రమపడుతుంటారు. యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు, ప్రయాణికుల కార్ల తరగతికి మాత్రమే ఆ వెసులుబాటు ఉంది. సరుకు లారీకి లేదు. కాబట్టి రవాణా కార్యాలయంలో మాట్లాడిన తరువాతే బయానా ఇవ్వండి. లేకపోతే బండి మీ మామిడితోట గట్టు దాటి బయటకు రాలేదు.

బండిని గట్టి నేల మీద, పైకప్పు కిందికి చేర్చి చక్రాలకు దిమ్మెలు పెట్టాక, ఏదీ విప్పకముందే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. ఎలుకలు ఎక్కడ కాపురం పెట్టాయో వెతకడం తొలి పని. నా బండిలో ఎయిర్ క్లీనర్ మూత తీయగానే గోనెసంచి పీచు, మామిడాకులు, నమిలి ఉండచేసిన వైరు ముక్కలు దోసెడు వచ్చాయి. ఇంజిన్ తిరిగి ఉంటే అదంతా సిలిండర్లలోకి వెళ్లేది. పొగగొట్టంలో కూడా బ్యాటరీ లైటు వేసి చూడండి.

ఇక ఇంజిన్. చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) బోల్టు కొద్దిగా వదులు చేసి, ముందు ఏం కారుతుందో గమనించండి. నూనె కన్నా నీరు బరువు కనుక లోపల నీళ్లు చేరి ఉంటే అవే మొదట కారతాయి. నీళ్లు కనిపిస్తే హెడ్ గాస్కెట్‌ను, బ్లాకును అనుమానించవలసిందే. నీళ్లు లేకపోయినా చాంబర్‌ను పూర్తిగా దింపడం మంచిది, ఎందుకంటే అడుగున పేరుకున్న నల్లటి మడ్డి ఆయిల్ పంపు జల్లెడను మూసేస్తుంది, అప్పుడు పైన ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా బేరింగుల వరకూ చేరదు.

ఆరు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లోకి ఆటోమేటిక్ గేరు ఆయిల్, డీజిల్ సమంగా కలిపిన మిశ్రమాన్ని నాలుగైదు చెంచాలు పోసి, కనీసం మూడు రోజులు వదిలేయండి. మా ఊళ్లో పుట్టి సైన్యంలో బండ్లు బాగుచేసి రిటైరైన ఒక పెద్దాయన నా వంగిన పుష్ రాడ్లు చేతిలో పట్టుకుని, "సామీ, నిద్రపోయినోణ్ణి జుట్టు పట్టుకుని లేపినావే, సెల్ఫ్ జోలికి పోకుండా చేత్తో తిప్పుండాల్సింది" అన్నాడు. ఆయన పద్ధతే నేను ఇప్పుడు అనుసరిస్తున్నాను. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండిల్‌తో గానీ, క్రాంక్ పుల్లీ నట్టుకు పొడవాటి పాన తగిలించి గానీ ఇంజిన్‌ను అటు కొంచెం, ఇటు కొంచెం ఊపాలి. బరువుగా కదిలితే పరవాలేదు. రాయిలా ఆగిపోతే బలం పెంచకుండా మరికొంత మిశ్రమం పోసి మళ్లీ ఆగాలి. నా రెండవ బండికి ఈ ఊపుడు తొమ్మిది రోజులు పట్టింది.

పిస్టన్లు వదులైనంత మాత్రాన పని పూర్తి కాదు. ఈ ఇంజిన్‌లో వాల్వులు పైన హెడ్‌లో ఉండి, పుష్ రాడ్ల ద్వారా కదులుతాయి. టాపెట్ కవర్ తీసి ఉంచి, సహాయకుడితో ఇంజిన్‌ను నెమ్మదిగా తిప్పిస్తూ, పన్నెండు వాల్వులలో ప్రతిదీ కిందికి దిగి మళ్లీ పైకి వస్తోందో లేదో కళ్లతో చూడాలి. దిగిన వాల్వు పైకి రాకపోతే, దాన్ని కిందికి నొక్కే రాకర్‌కు, దానికి మధ్య సందు ఏర్పడుతుంది. అలాంటి చోట తిప్పడం ఆపి, వాల్వు గైడు దగ్గర అదే మిశ్రమం పోసి, చెక్కతో మెల్లగా తట్టుతూ వదులు చేయాలి. నేను మొదటిసారి చేయకుండా వదిలేసింది సరిగ్గా ఈ పనినే.

చాంబర్ తిరిగి బిగించి, కొత్త ఫిల్టర్ వేసి, 20డబ్ల్యూ-50 ఆయిల్ పోశాక, ప్లగ్గులు బయటే ఉంచి మాత్రమే సెల్ఫ్ వాడండి. పది సెకన్లు తిప్పి, నిమిషం ఆగి, మళ్లీ తిప్పుతూ, ఆయిల్ గేజ్ ముల్లు లేచేవరకూ, రాకర్ల మీద నూనె ఊరేవరకూ కొనసాగించాలి. అంతకుముందు బ్యాటరీల లెక్క సరిచూసుకోండి. సైనిక బండ్లలో పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఇరవైనాలుగు వోల్టులు చేసినవి ఉంటాయి. మధ్యలో ఎవరో పన్నెండుకు మార్చినవీ ఉంటాయి. కాయిల్, సెల్ఫ్ మోటార్, బల్బుల మీద రాసిన అంకె చూసి నమ్మండి, అమ్మినవారి మాట కాదు. బ్యాటరీ మనకు పెద్ద సమస్య కాదు, తిరుపతి పక్కన కరకంబాడిలోనే తయారవుతున్నాయి. బ్యాటరీని ఛాసిస్‌కు కలిపే ఎర్త్ పట్టీ తుప్పుపట్టడమే ఎక్కువసార్లు సమస్య అవుతుంది. దాన్ని విప్పి, లోహం మెరిసేదాకా గీకి బిగించాలి.

పెట్రోలు ట్యాంకును కదిలించకుండా, ప్రస్తుతానికి అయిదు లీటర్ల క్యాను ఒకటి వేలాడదీసి పని నడపడం ఉత్తమం. నా ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు గానుగలో అడుగంటిన ముదురుపాకంలా గోధుమరంగులో సాగింది, వాసన వార్నిష్‌ది. కార్బ్యురేటర్‌లోనూ అదే ఉంటుంది కనుక దాన్ని పూర్తిగా విప్పి నానబెట్టి, జెట్లను గాలితో ఊది శుభ్రం చేయాలి. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు లెక్క తప్పుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం దానికి ఉబ్బి, పగులుతాయి. పైగా అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయండి, ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిల్వ ఉంచకండి. ట్యాంకుకు చిల్లు ఉంటే ఖాళీగానే ఉందని నమ్మి వెల్డింగ్ చేయించవద్దు; అడుగున మిగిలిన ఆవిరే పేలుతుంది.

స్పార్కుకు సంబంధించి పెద్దగా చెప్పవలసింది లేదు. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లను సన్నటి గరుకు కాగితంతో రుద్ది, సర్వీసు పుస్తకంలోని సందు పెట్టి, కండెన్సర్ మార్చండి. ప్లగ్గు వైర్ల వరుస 1-5-3-6-2-4.

రేడియేటర్‌లో మన బోరు నీళ్లు పోయకూడదు. టీ కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పెచ్చే ఇంజిన్ లోపలా పేరుకుంటుంది, తిరుపతి మే నెల ఎండలో దాని ఫలితం బాగా తెలుస్తుంది. బ్యాటరీ నీళ్లు గానీ, పట్టి ఉంచిన వాన నీళ్లు గానీ కూలెంట్‌తో కలిపి పోయండి. బ్లాకు పక్కన నీటి దారులను మూస్తూ బిళ్లల్లా ఉండే ప్లగ్గులను (స్పార్కు ప్లగ్గులు కావు) సూదిమొన పరికరంతో గుచ్చి చూస్తే, తుప్పుతో పలచబడినవి అప్పుడే తెలిసిపోతాయి.

ఇంజిన్ మోగకముందే బ్రేకులు సిద్ధంగా ఉండాలని నేను పట్టుబడతాను. మోగిన ఇంజిన్‌ను చూసిన ఆనందంలో గేరు వేయకుండా ఉండగలిగినవారిని నేనింతవరకూ చూడలేదు, నాతో కలిపి. మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల సిలిండర్లు విప్పి, లోపలి గోడ గోటికి తగిలేంత గుంటలు పడి ఉంటే స్లీవ్ వేయించాలి. నున్నగా ఉంటే కిట్ మారిస్తే చాలు. ఆ రబ్బర్లను పెట్రోలుతోగానీ, డీజిల్‌తోగానీ కడగకూడదు, బ్రేక్ ఆయిల్‌తోనే తుడవాలి. గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి.

చక్రాల దగ్గర మాత్రం దయచేసి ఆగి చదవండి. పాత సైనిక లారీలలో రెండు ముక్కలను బోల్టులతో కలిపిన రిమ్ములు, రింగుతో పట్టి ఉంచిన రిమ్ములు ఉంటాయి. రెండు ముక్కల రిమ్ములో ఒక వరుస నట్లు చక్రాన్ని హబ్‌కు పట్టి ఉంచుతాయి, మరో వరుస రిమ్ము ముక్కలను పట్టి ఉంచుతాయి. ట్యూబులో గాలి ఉండగా ఈ రెండవ వరుసను వదులు చేస్తే ఆ ముక్క మనిషి ప్రాణం తీసేంత వేగంతో ఎగురుతుంది. చక్రం ఇంకా బండికి ఉండగానే వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదలాలి, తిరిగి గాలి కొట్టేటప్పుడు ఇనుప పంజరంలో పెట్టి పక్కకు నిలబడి కొట్టాలి. రోడ్డు పక్కన పంక్చర్ షాపులో ఆ పంజరం లేకపోతే, లారీ టైర్లు మార్చే పెద్ద షాపుకు తీసుకెళ్లండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది; 0612 అంటే 2012లో ఆరవ వారం అని అర్థం. ఆ నాలుగంకెలే కనిపించకపోతే టైరు 2000 సంవత్సరానికి ముందుదని గ్రహించి, అరుగుదల ఎంత తక్కువగా ఉన్నా పక్కన పడేయండి.

గేరు బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు యాక్సిళ్లలో ఆయిల్ మార్చేటప్పుడు డబ్బా మీద జీఎల్-4 అని ఉన్నదే గేరు బాక్సులో పోయండి. జీఎల్-5లోని కొన్ని రసాయనాలు పాత ఇత్తడి రింగులను తినేస్తాయి. దొరకని భాగాల కోసం చెన్నై పుదుపేటకు ఒకరోజు కేటాయించండి, పాత భాగాన్ని చేత పట్టుకునే వెళ్లండి, ఫొటో చూపిస్తే అక్కడ ఎవరికీ నమ్మకం కుదరదు.

ఇప్పుడు ప్లగ్గులు బిగించి, మంటలార్పే సిలిండర్ దగ్గర పెట్టుకుని, సెల్ఫ్ నొక్కవచ్చు. ఇంజిన్ అందుకున్నాక పదిహేను సెకన్లలోపు ఆయిల్ గేజ్ లేవకపోతే వెంటనే ఆపేయాలి. లేస్తే, వేడి మామూలు స్థాయికి వచ్చేవరకూ నడపండి. మొదట తెల్లటి, నీలిరంగు పొగ వచ్చి మనల్ని భయపెడుతుంది, సిలిండర్లలో పోసిన మిశ్రమం కాలిపోగానే తగ్గుతుంది. పొగ అరగంటకూ తగ్గకపోతే కంప్రెషన్ కొలిచి, సిలిండర్లన్నీ దాదాపు సమంగా ఉన్నాయో లేదో చూడాలి. రెండు మూడు గంటలు నడిచిన తరువాత ఆ ఆయిల్ పారబోసి కొత్తది పోయాలి, ఎందుకంటే లోపల కరిగిన మడ్డి అంతా అందులోకే చేరుతుంది.

తొలి నడక సొంత పొలంలో, చదును నేల మీద, రెండో గేరు దాటకుండా సాగాలి. ముందు చక్రాలకు కూడా బలం పంపే గేరును ఇసుకలో, బురదలో మాత్రమే వేయండి, గట్టి తారురోడ్డు మీద వేస్తే లోపలి గేర్లు మెలిపడి పట్టేసుకుంటాయి. భాకరాపేట ఘాట్ లాంటి దిగుడు దారికి కనీసం రెండు వందల కిలోమీటర్లు నడిచి, బ్రేకులు మళ్లీ ఒకసారి సరిచేశాకే వెళ్లాలి.

రంగు చివరి పని, దానికీ ఒక అడ్డు ఉంది. ఆలివ్ గ్రీన్ రంగును రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఇతర వాహనాలకు వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. నా బండికి ఎర్రమట్టి రంగు వేయించాను. బానెట్ లోపలి వైపు మాత్రం పాత పచ్చరంగు, దాని మీద తెల్ల అక్షరాలతో రాసిన టైరు గాలి లెక్క అలాగే ఉంచాను. నవంబరు వానల్లో దాన్ని షెడ్డులోనే ఉంచుతున్నాను, చింతచెట్టు కింద మాత్రం పెట్టడం లేదు.