ఆంగ్లంలో రాసే ముందు: ప్రిపొజిషన్ల జాగ్రత్తలు

దరఖాస్తో ఉత్తరమో ఆంగ్లంలో రాయబోతున్నారా? ముందు మన విభక్తులను పక్కన పెట్టండి. వాటి పని అక్కడ నామవాచకానికి ముందు వచ్చే ప్రిపొజిషన్లు చేస్తాయి. తెలుగు ‘లో’ సందర్భాన్ని బట్టి ‘ఇన్’, ‘ఆన్’, ‘ఎట్’ అవుతుంది.

• గడియారపు వేళకు ‘ఎట్’, సోమవారం వంటి రోజుకూ తేదీకీ ‘ఆన్’, నెలకూ సంవత్సరానికీ ‘ఇన్’.

• ‘నుంచి’ అనగానే ‘ఫ్రమ్’ రాసేయకండి. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఇక్కడివే. ‘2019 నుంచి ఇక్కడే ఉంటున్నాను’ అంటే మొదలైన కాలం చెబుతున్నాం, కాబట్టి ‘సిన్స్ 2019’. ‘అయిదేళ్ల నుంచి’ అంటే వ్యవధి, కాబట్టి ‘ఫర్ ఫైవ్ ఇయర్స్’. తెలుగులో రెంటికీ ఒకే మాట. అందుకే ‘ఎప్పటి నుంచి? ఎంత కాలంగా?’ అని ప్రతిసారీ ఆగి ప్రశ్నించుకోండి. క్రియ కూడా ‘ఐ యామ్’ కాదు, ‘ఐ హావ్ బీన్’ అని మారాలి.

• ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’, ‘రీచ్’ పక్కన ‘టు’ చేర్చకండి. ‘గురించి చర్చించాం’ అనే మన అలవాటు చేయించే పొరపాటది.

• ‘మ్యారీడ్’ తర్వాత ‘విత్’ కాదు, ‘టు’ రావాలి.

• ప్రిపొజిషన్ తర్వాత క్రియ వస్తే ‘ఇంగ్’ రూపమే: ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’. ఇక్కడి ‘టు’ చాలామందిని మోసం చేస్తుంది.

• అనుమానం వస్తే నిఘంటువులో ప్రిపొజిషన్‌ను కాదు, దాని ముందున్న క్రియనో విశేషణాన్నో వెతకండి. అక్కడి ఉదాహరణ వాక్యాన్ని పూర్తిగా చదవండి.