కొరాపుట్ చలికి గచ్చు కింద వేడినీటి గొట్టాలు

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సెమిలిగుడ, పొట్టంగి, సునాబెడ వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజామున గ్రానైటు గచ్చు మీద కాలు పెట్టలేం. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు గచ్చులో గొట్టాలు వేయించి గోరువెచ్చని నీళ్లు తిప్పించుకోవచ్చు. అయితే గొట్టాలు కొనేముందు తల పైకెత్తి శ్లాబును చూడండి.

12×14 అడుగుల గది 15.6 చదరపు మీటర్లు. బయట 8 డిగ్రీలు, లోపల 20 కావాలనుకుందాం. రెండు వైపులా తొమ్మిదంగుళాల బయటి గోడలు, పైన ఉత్త శ్లాబు ఉంటే సుమారు 1,500 వాట్ల వేడి బయటికి పోతూనే ఉంటుంది. అందులో మూడోవంతుకు పైగా శ్లాబు గుండానే. గచ్చు పైభాగం 29 డిగ్రీలు దాటితే పాదాలకు ఇబ్బంది. ఆ హద్దులో గచ్చు ఇవ్వగలిగేది చదరపు మీటరుకు 100 వాట్లే, ఈ గదికి 1,560. అంటే రాబడి, ఖర్చు బొటాబొటీ. శ్లాబు మీద 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ఫోమ్) షీట్లు పరిచి పైన వాటర్‌ప్రూఫింగు, టైల్సు వేయిస్తే నష్టం 1,100 వాట్ల లోపుకు దిగుతుంది. ఆ ఖర్చుకు వెనకాడేవాళ్లు ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

కింది అంతస్తులో బెడ్డు (నేల మీద వేసే కాంక్రీటు పొర) వేయకముందే చెదల మందు కొట్టించాలి. తర్వాత కొట్టిద్దామంటే గోడల వెంట గచ్చుకు రంధ్రాలు పెడతారు, అక్కడ గొట్టం ఉంటుంది. బెడ్డు ఆరాక 200 మైక్రాన్ల పాలిథీన్ పరవండి. ఇక్కడి వానలకు నేల చెమ్మ తప్పదు. దానిమీద 30 మి.మీ. ఎక్స్‌పీఎస్. టీవీ పెట్టెలో వచ్చే థర్మాకోల్ బరువుకు అణిగిపోయి గచ్చు పగులుతుంది. గోడల చుట్టూ 8 నుంచి 10 మి.మీ. మందం ఫోమ్ పట్టీ నిలబెట్టాలి. వేడికి గచ్చు సాగినప్పుడు చోటిచ్చేది ఆ పట్టీయే. ఎక్స్‌పీఎస్, గచ్చు, టైలు కలిపి నేల 110 మి.మీ. దాకా లేస్తుంది కాబట్టి గుమ్మాలు, మెట్ల ఎత్తు మేస్త్రికి ముందే చెప్పాలి.

గొట్టం 16 మి.మీ. పెక్స్ (వేడినీటికి ఆగే ప్లాస్టిక్), 2 మి.మీ. మందం, ఆక్సిజన్ అడ్డుపొర ఉన్నది. ఆ పొర లేకపోతే గాలి లోపలికి చొరబడి పంపులోని ఇనుము తుప్పు పడుతుంది. 15 సెం.మీ. ఎడంతో ఈ గదికి 104 మీటర్లు పడుతుంది. ఒకే చుట్టుగా వేస్తే చివరికి చేరేసరికి నీళ్లు చల్లబడతాయి, పంపు మీదా భారం. రెండు చుట్లుగా విడదీయండి. పోయే గొట్టం, వచ్చే గొట్టం పక్కపక్కనే నడిచేలా నత్త చుట్టుగా వేస్తే గది అంతా సమంగా వెచ్చబడుతుంది, మలుపులు కూడా మెత్తగా వస్తాయి. మలుపు వ్యాసార్ధం 80 మి.మీ. కంటే తగ్గితే గొట్టం నలుగుతుంది. గొట్టం కింద పరిచే ఇనుప మెష్‌కు నైలాన్ టై‌లతోనే కట్టండి, బైండింగు వైరు కోసేస్తుంది. గచ్చులో ఎక్కడా అతుకు ఉండకూడదు. గోడకు పాతిన బీరువాలు, వంటగట్టు కింద గొట్టం దండగ.

ఇప్పుడు పరీక్ష. చుట్లన్నీ వచ్చి కలిసే మానిఫోల్డులో ఒక్కో చుట్టునూ విడిగా తెరిచి, బుడగలు ఆగేదాకా నీళ్లు పారించాలి. తర్వాత నీటి ప్రెజర్‌ను 6 బార్‌కు ఎక్కించండి. కొత్త పెక్స్ కొంచెం సాగుతుంది కనుక మొదట గేజి ముల్లు దిగితే కంగారు వద్దు, మళ్లీ ఎక్కించి మర్నాటిదాకా చూడండి. అప్పుడూ దిగుతుంటే లీకే. టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసుకోండి, రేపు డోర్ స్టాపర్‌కు డ్రిల్లు పెట్టేవాడికి అవే దిక్కు. గచ్చు పోసేటప్పుడూ ప్రెజర్ అలాగే ఉండాలి. పార తగిలితే గేజి వెంటనే చెబుతుంది.

గచ్చుకు సిమెంటు, ఇసుక 1:4, మందం 65 మి.మీ., గొట్టం మీద 45. ఈ గదికి ఏడెనిమిది బస్తాలు. హాలు 40 చదరపు మీటర్లు దాటినా, ఒక వైపు 8 మీటర్లు మించినా మధ్యలో జాయింటు ఇవ్వాలి. దాన్ని దాటే గొట్టానికి తొడుగు వేయాలి.

తొందరపడి వేడి పెడితేనే ఎక్కువ గచ్చులు పాడవుతాయి. 21 రోజులు ఆగండి. ఆపై మూడు రోజులు 25 డిగ్రీల నీళ్లు, నాలుగు రోజులు పూర్తి వేడి. టైల్సు ఆ తర్వాతే, అదీ సాగే గుణమున్న అడెసివ్‌తో. మామూలు సిమెంటు పాలతో అంటిస్తే రెండు చలికాలాల్లో డొల్ల మోత వస్తుంది.

నీళ్లు 35 నుంచి 45 డిగ్రీలు చాలు. కరెంటుతో అయితే బయటి గాలిలోని వేడిని లాగే హీట్ పంపే నయం, ఒక యూనిట్ కరెంటుకు దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. సోలార్ హీటరుంటే 200 లీటర్ల నీళ్లు 60 నుంచి 35కు దిగేసరికి 5.8 యూనిట్ల వేడి వస్తుంది. స్నానాలకు పోను మిగిలేది కొంతే, దానిమీదే ఆధారపడకండి. స్నానం నీళ్లను మాత్రం గొట్టాల్లో తిప్పొద్దు. కాయిల్ ద్వారా వేడి తీసుకుని, గొట్టాలకు ముందు మిక్సింగ్ వాల్వు (వేడి, చల్లని నీళ్లు కలిపి వేడిని హద్దులో ఉంచేది), ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (వేడికి పెరిగే నీళ్లకు చోటిచ్చేది) పెట్టాలి. 65 మి.మీ. గచ్చు వేడెక్కడానికి గంటలు పడుతుంది, రాత్రికి వెచ్చగా కావాలంటే మధ్యాహ్నం నాలుగింటికే ఆన్ చేయాలి.

కట్టేసిన ఇంట్లో బాత్రూము వరకే కావాలంటే టైలు కింద ఎలక్ట్రిక్ మ్యాటు వేయించండి. చదరపు మీటరుకు 150 వాట్లు, 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. అదే మ్యాటు పడకగదిలో వేసి దానిమీద పరుపు పరిస్తే వేడి బయటికి రాక కింద పేరుకుపోతుంది, తీగ మాడుతుంది. నేల మీద పడుకునే పెద్దవాళ్లున్న ఇంటికి వేడినీటి పద్ధతే సరైనది.